ఆరో ఆంపూల్

ఆ ఏడు ఆగస్టు నెలంతా మా అమ్మీ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తిట్లు అందుకునేది. పేరు పెట్టి తిట్టేది కాదు. తిట్టేది నన్నేనని నాకు తెలుసు. తెలిసే లాప్‌టాప్‌లోంచి తలెత్తేదాన్ని కాదు.

అమ్మీ పేరు జైనాబ్ బీ. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఇరవై రెండేళ్లుగా నర్సు. జులైలో ఆ ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అప్పటిదాకా డాక్టరు నోటితో చెబితే చాలు, ట్రేలోంచి మందు తీసి ఇచ్చేవాళ్లు, తర్వాత రాసుకునేవాళ్లు. ఇప్పుడు ప్రతి మందుకీ ముందు కంప్యూటర్లో ఆర్డరు పెట్టాలి. అది ఒప్పుకోవాలి. కింద ఫార్మసీలో బిల్లు రావాలి. అప్పుడుగాని మందు పైకి రాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసిన విజయవాడ కంపెనీలో నేను ఉద్యోగిని. బరంపేటలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, ఆ ఆసుపత్రి గడప ఒక్కసారి కూడా తొక్కకుండా, అక్కడి రోగులకు ఏ మందు ఎంతకు మించి ఇవ్వకూడదో చెప్పే భాగం రాసింది నేనే.

"ఏమే ఆసియా, ఎన్ని నిమిషాలకోసారి అని పెట్టడానికి మీ దాంట్లో చోటే లేదేంది?" అంది అమ్మీ ఒకరోజు.

"గంటలు ఉన్నాయిగా అమ్మీ."

"గంటలుండయ్. నాకు కావాల్సింది నిమిషాలు."

"నిమిషాలకోసారి మందిచ్చేది ఎవరికి?"

అమ్మీ నావైపు అదోలా చూసింది. "మందు కొట్టే రోజులు వస్తన్నయ్. అప్పుడు చూద్దువుగాని."

పల్నాడులో పుట్టి పెరిగిన దాన్ని, పత్తికి మందు కొట్టే రోజులంటే నాకు తెలియక కాదు. వీపున ట్యాంకు కట్టుకుని చేనంతా తిరిగేవాళ్లను బస్సు కిటికీలోంచి చూసినదాన్నే. మా అబ్బా అబ్దుల్ జబ్బార్‌కు వినుకొండ రోడ్డులో ఆ స్ప్రేయర్లు బాగుచేసే కొట్టే ఉంది. కానీ ఆ మందు గాలిలో పీల్చి, చర్మంలోంచి ఒంటికి పట్టి పడిపోయినవాళ్లకు ఆసుపత్రిలో ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు. ఆ విషానికి విరుగుడు అట్రోపిన్ అనే ఇంజెక్షను. నాకు అది ఒక ఎక్సెల్ షీటులో ఒక వరస, అంతే. ఆ షీటును హైదరాబాదులో ఎవరో సలహాదారు పంపాడు. ఆరు వందల పన్నెండు మందులు. ఒక్కోదాని పక్కన ఒక అంకె. అట్రోపిన్ పక్కన మూడు మిల్లీగ్రాములని ఉంది. మూడు కొట్టాను. తర్వాతి వరసకు పోయాను.

ఆ మూడు గుండె నెమ్మదించినప్పుడు ఇచ్చే మోతాదుకు హద్దు. విషం పట్టిన మనిషికి అది మొదటి గుక్క మాత్రమే. ఏ జబ్బుకు అని చెప్పే గడి ఆ షీటులో లేదు. లేదేమని నేను అడగలేదు.

అమ్మీ మరో రెండుసార్లు చెప్పింది. "ఒక్కో ఆంపూల్‌లో, ఆ చిన్న గాజు బుడ్డిలో, ఉండేది అర మిల్లీగ్రాము పైచిలుకు. క్యాజువాలిటీ ట్రేలో ఐదు పెట్టి మిగతాదంతా కింద తాళమేశారు. ఐదంటే మీ మూడు అయిపోద్ది. ఆరోది అడిగితే పెద్ద డాక్టరు ఫోనుకు ఓటీపీ అంట. అప్పుడు నేను పేషెంటును చూడాలా, ఫోన్ను చూడాలా?"

"టికెట్ రెయిజ్ చేయమని చెప్పు మీ మేనేజరుకు."

"టికెట్టేంది? మాచర్ల బస్సుకా?"

నేను నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు. అయినా ఆవిడ పోరు పడలేక నేనే ఆ మాట టికెట్‌గా, అంటే మా భాషలో ఫిర్యాదుగా, రాసి మా టీమ్ లీడ్ సుధీర్ బాబుకు పంపాను. మర్నాడు జవాబొచ్చింది: నర్సులకు శిక్షణ సరిపోలేదు, మరోసారి ట్రైనింగ్ ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్లో తప్పు లేదు. ఇరవై రెండేళ్ల నర్సుకు శిక్షణ! చదివాను. కింద "ఓకే" అని కొట్టాను.

సెప్టెంబరు మూడో వారం, మంగళవారం. పొద్దున పదకొండు కావొస్తోంది. సుధీర్ బాబు ఒంగోలులో ఒక ఆసుపత్రి వాళ్లకు ఆన్‌లైన్లో మా సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నాడు. నేనూ ఇంటి నుంచి ఆ మీటింగులో ఉన్నాను. అమ్మీ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్లీ చేసింది.

"ఆసియా, మనిషి పోయేట్టున్నాడు. అట్రోపిన్ పది కావాలి. ఇవ్వనంటంది."

"ఎవరు?"

"నీ మిషనే!"

ఆవిడ గొంతు వెనక, మూత పెట్టిన గిన్నెలో నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు ఏదో శబ్దం. అది ఒక మనిషి ఊపిరి అని నాకు అప్పుడు తెలియలేదు.

"ఓటీపీ పెద్ద డాక్టరుకు వెళ్తుంది అమ్మీ. ఆయన్ని అడుగు."

"ఆయన థియేటర్లో ఒకరి కడుపు కోసున్నాడు. ఫోను బయట లాకర్లో ఉంది. నువ్వు తీయలేవా దాన్ని?"

నేను తీయలేను. రాయడమే నా పని. నడుస్తున్న ఆసుపత్రిలో మార్చే అధికారం సుధీర్ బాబుది. ఆయనకు మెసేజ్ పెట్టాను. చూశాడు. "డెమోలో ఉన్నా, టెన్ మినిట్స్" అని జవాబిచ్చాడు. అదే నిమిషంలో ఆయన గొంతు ఒంగోలు వాళ్లతో చెబుతోంది: "మా సిస్టమ్‌లో ఓవర్‌డోస్ అనేది జరగడానికి వీల్లేదు సార్. మనిషి పొరపాటు చేయబోయినా మిషన్ చేయనివ్వదు."

నేను మైకు ఆన్ చేసి, "సార్, నరసరావుపేటలో పేషెంట్..." అన్నాను. ఆయన నన్ను మ్యూట్ చేశాడు.

స్కూటీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి ఫార్మసీ దగ్గర జనం మూగి ఉన్నారు. కౌంటరు మీది బిల్లుల మిషను కిందపడి ఉంది. ఫార్మసీ కుర్రాడు గోడకు ఆనుకుని, "బిల్లు రాకుండా ఇస్తే నా ఉద్యోగం పోద్దని చెప్పానండీ, ఆంటీ వింటేగా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. మోకాళ్ల నొప్పులతో మా ఇంటి మెట్లు పట్టుకుని ఎక్కే మా అమ్మీ ఆ కౌంటరెక్కి అవతలికి దూకి, అట్రోపిన్ డబ్బా చంకన పెట్టుకుని పైకి పరిగెత్తిందట.

క్యాజువాలిటీ తలుపు దగ్గర ఆగిపోయాను. మంచం మీద ముప్పై ఐదేళ్లుంటాయేమో, ఒకతను. బట్టలు కత్తిరించి తీసేశారు, నేల మీద కుప్పగా పడి ఉన్నాయి, గదంతా ఆ మందు కంపే. నోట్లోంచి నురగ. కళ్లు తెరిచే ఉన్నాయి, కంటిపాపలు మాత్రం సూదిమొనంత. డ్యూటీ డాక్టరు దీప్తి, నా ఈడుదే, అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "ఇంకా తడిగానే ఉంది సిస్టర్, ఇంకా..." అంటోంది. అమ్మీ ఒక్కో ఆంపూల్ మెడ విరుస్తోంది, పీలుస్తోంది, ఎక్కిస్తోంది. గాజు కోసుకుని వేలి నుంచి నెత్తురు కారుతోంది. నన్ను చూసింది. మరో ఆంపూల్ అందుకుంది. మంచం పట్టెకు తల ఆనించి ఒకావిడ, "ఏవయ్యా, ఏవయ్యా" అంటోంది, ఆ ఒక్క మాటే.

అతని పేరు పేతురు. ఆవిడ అతని భార్య చిన్నారి. బొల్లాపల్లి మండలం నుంచి వచ్చారు. అతను మరొకరి చేలో కూలికి మందు కొడుతూ గట్టు మీద పడిపోయాడు.

పేతురు చావలేదు. ఆ రోజు అందరూ అదే గొప్పగా చెప్పుకున్నారు. కానీ మొదటి ఐదు ఆంపూళ్లకూ తర్వాతి పదికీ మధ్య పదిహేడు నిమిషాలు పోయాయి. ఆ పదిహేడు నిమిషాల్లో ఊపిరితిత్తుల నిండా నీళ్లతో అతని మెదడుకు గాలి సరిగా అందలేదు. పది రోజుల తర్వాత ఇంటికి పంపించేటప్పుడు అతను చిన్నారిని "అక్కా" అని పిలిచాడు.

ఆ సాయంత్రం అబ్బా కొట్టు కట్టేసి వచ్చి సంగతంతా విన్నాడు. మామూలుగా మా ఇద్దరి గొడవల్లో తలదూర్చే మనిషి కాదు. చేతుల గ్రీజు కడుక్కుంటూ అడిగాడు.

"నేను ఒక స్ప్రేయర్ బాగుచేస్తే ముందు నా వీపుకు కట్టుకుని నీళ్లు కొట్టి చూస్తా. వీపు తడిస్తే మళ్లీ విప్పుతా. నువ్వు రాసింది ఎవరి మీద చూశావ్ బేటీ?"

"టెస్టింగ్ టీమ్ చూసింది అబ్బా."

"యాడ?"

"విజయవాడ ఆఫీసులో."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, అమ్మీ మీద, ఒంగోలు వాళ్లతో నవ్వుతూ మాట్లాడిన ఆ గొంతు మీద. ఎవరి మీద మండినా తిరిగి తిరిగి వచ్చి ఆ "ఓకే" దగ్గరే ఆగేది.

మూడో రోజున అమ్మీకి మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా ఫార్మసీలోకి చొరబడటం, ఆసుపత్రి సామాను పగలగొట్టడం. అక్కడితో ఆగితే సరిపోయేది. సిస్టమ్‌లో ఆర్డరు సరిగా నమోదు చేయకపోవడం వల్ల వైద్యంలో జాప్యం జరిగిందని కూడా రాశారు. అంటే పేతురు అలా అవడానికి కారణం మా అమ్మీ. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. అదే రోజు సుధీర్ బాబు నాకు ఫోన్ చేశాడు.

"ఆసుపత్రి మేనేజరు మాట్లాడాడు. యూజర్ ఎర్రర్, అంటే వాడినవాళ్ల తప్పు, అని మనం ఒక రిపోర్టు ఇస్తే వాళ్లు మీ అమ్మగారిని వార్నింగుతో వదిలేస్తారు. ఉద్యోగం పోదు. నువ్వే రాసి పంపు. మీ అమ్మగారికి కూడా నువ్వే నచ్చజెప్పు."

అమ్మీకి చెప్పాను. గిన్నెలు తోముతున్నదల్లా లేచి చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అబ్బా పనిముట్ల సంచిలోంచి వాషర్ల డబ్బా తెచ్చి చాప మీద గుమ్మరించింది.

"కూచో. నీకు ట్రైనింగ్ ఇస్తా."

ఐదు వాషర్లు వరసగా పెట్టింది. "ఇది మొదట. ఐదు నిమిషాలు చూస్తా. ఛాతీలో గురగుర పోలా. ఇప్పుడు?" పక్కన పది పెట్టింది. "మళ్లా ఐదు నిమిషాలు. పోలా." ఇరవై పెట్టింది. నలభై లెక్కపెట్టేసరికి డబ్బాలో వాషర్లు అయిపోయాయి. "ఒకసారి బెల్లంకొండ నుంచి వచ్చిన ఆడమనిషికి పొద్దుగూకేలోపు మూడు వందలు ఎక్కించా. బతికింది. పోయినేడు కూతురి పెళ్లికి పిలిచింది."

"మరి ఎక్కడ ఆపాలని ఎట్టా తెలుస్తుంది?"

"అదేనే నువ్వు ముందు అడగాల్సింది! అంకె చెప్పదు. ఛాతీ చెప్పిద్ది. లోపల తడి ఆరాలి, నాడి ఎనభై దాటాలి. అప్పుడు తగ్గించాలి. ఎక్కువైతే మనిషి పిచ్చిగా కలవరిస్తాడు, ఒళ్లు కాలిపోద్ది. దాన్నీ కనిపెట్టుకునుండాలి. ఇదంతా నీ గడిలో యాడ రాశావ్?"

నేను ఎక్కడా రాయలేదు. ఆ చాప మీద కూర్చుని మొదటిసారి నోట్‌బుక్కు తెరిచి ఆవిడ చెప్పిందంతా రాసుకున్నాను. రాసుకున్నాక, ఇంతసేపూ ఆవిడ నాకు చెప్పింది కదా, నేను ఆవిడకు చెప్పాల్సినది ఒకటి ఉందని తోచింది. లాప్‌టాప్ తెచ్చి, ఆ మంగళవారం సాఫ్ట్‌వేర్ తనకు తాను రాసుకున్న చిట్టా తెరిచాను. కంప్యూటర్లో ఎవరు ఏం నొక్కినా, ఏ నిమిషంలో నొక్కినా అందులో పడుతుంది. అది ఉంటుందని నర్సులకు ఎవరూ చెప్పరు.

"ఇది నువ్వు మొదటి ఐదూ పెట్టిన టైము. పది యాభై రెండు. ఇది పది అడిగింది. పది యాభై ఏడు. కుదరదంది. ఇది మళ్లీ అడిగింది. ఇది మళ్లీ."

అమ్మీ కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరసా లెక్కపెట్టింది. పదకొండు.

"అంటే నేను పదకొండుసార్లు అడిగానని దానికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకుందా?"

ఆవిడే లాప్‌టాప్ నావైపు తిప్పి, "దీన్ని కాగితం మీద తీస్తారా?" అని అడిగింది.

చిట్టాలు బయటికి ఇవ్వకూడదని ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టాను. మర్నాడు నెట్ సెంటరులో నాలుగు కాపీలు తీయించాను.

విచారణ మేనేజరు గదిలో పెట్టారు. సుధీర్ బాబు విజయవాడ నుంచి కారులో వచ్చాడు. పెద్ద డాక్టరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. దీప్తి ఒక మూలన నిలబడింది. అమ్మీకి కుర్చీ వేయలేదు. నన్ను కంపెనీ తరఫున కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆసియా, రిపోర్టు తెచ్చావుగా?" అన్నాడు సుధీర్ బాబు.

తెచ్చానని కాగితాలు బల్ల మీద పెట్టాను. పెద్ద డాక్టరు ఒకటి తీసుకున్నాడు. మొదట ఊరికే చూశాడు. తర్వాత ఫోను పక్కన పెట్టాడు.

"అట్రోపిన్‌కు మూడు మిల్లీగ్రాముల లిమిటా? ఓపీ పాయిజనింగ్‌లో, పురుగుమందు విషానికి? ఎవడు పెట్టాడిది?"

"నేను సార్. ఏ జబ్బుకని నేను అడగలేదు. మా అమ్మీ తప్పని చెప్పింది. అది మా సార్‌కు పంపాను. ట్రైనింగ్ చాలలేదని రాశారు. నేను ఓకే అన్నాను. ఆ కాగితమూ కిందే ఉంది."

"ఇది కాన్ఫిడెన్షియల్..." అని సుధీర్ బాబు లేచాడు.

"కూర్చోవయ్యా!" అని పెద్ద డాక్టరు కసిరాడు. ఆయన కోపం చూసి నాకు ఇంకా కోపమొచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజు రిబ్బన్ కత్తిరించింది ఆయనే. ఒక్క మందైనా తెరిచి చూశాడా? ఆ మాటే అనేశాను. మూలనుంచి దీప్తి, "పది ఇవ్వమని నోటితో చెప్పింది నేనే సార్. సిస్టర్ ఆలస్యం చేయలేదు" అంది.

అమ్మీ మెమో వెనక్కి తీసుకున్నారు. పగిలిన బిల్లుల మిషను సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ట్రేలో వంద అట్రోపిన్లు పెట్టారు. మూడు అన్న అంకె మర్నాటికల్లా ఆ ఆసుపత్రిలో తీసేశారు. అదే మర్నాడు నా ఉద్యోగం కూడా తీసేశారు.

మా సాఫ్ట్‌వేర్ మొత్తం పద్నాలుగు ఆసుపత్రుల్లో నడుస్తోంది. మిగతా పదమూడింటిలో కూడా తీయమని కంపెనీకి రాశాను. జవాబు లేదు. అవతలివాళ్లు అడగకుండా తీస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. నేను ఆ ఆసుపత్రులకు ఫోన్లు చేస్తే, "మీరు డాక్టరా?" అని అడిగి పెట్టేసేవాళ్లు. నేను డాక్టరును కాను. ఇప్పుడు ఆ కంపెనీ మనిషిని కూడా కాను.

ఇప్పుడు ఆ పదమూడింట్లో ఎక్కడా ఆ అంకె లేదు. కంపెనీ దానంతట అది తీసిందని ఎవరైనా అంటే నమ్మకండి. తీయించింది చిన్నారి.

అక్టోబరు మొదట్లో బొల్లాపల్లి మండలంలో వాళ్ల ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. చెప్పి రావాలని వెళ్లాను, అంతే. ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచించలేదు. రేకుల వసారాలో నులక మంచం మీద పేతురు కూర్చుని ఉన్నాడు. గ్లాసు పట్టుకుంటే చేయి వణికి మంచినీళ్లు ఒలుకుతున్నాయి. నన్ను చూసి మర్యాదగా లేవబోయి, ఎందుకు లేస్తున్నాడో మరిచిపోయి, మళ్లీ కూర్చున్నాడు.

చిన్నారికి కాగితం చూపించి మొదటి నుంచీ చెప్పాను. ఆ అంకె నేను కొట్టానని, ఆ పదిహేడు నిమిషాలు అందువల్లే పోయాయని. ఆవిడ కాగితం చూడలేదు, నా ముఖమే చూస్తూ విన్నది. అంతా అయ్యాక, మంచం వైపు తిరిగింది.

"మొఖానికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోలేదని ఇన్నాళ్లూ ఆయన్నే తిట్టుకుంటన్నా. రోజూ. అన్నం పెడతా తిట్టా." తర్వాత నావైపు తిరిగి నన్ను తిట్టింది. చానా తిట్టింది. నా చదువును, నా జీతాన్ని, నా వేళ్లను. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు. నేను తల వంచుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఊపిరి ఆడక ఆవిడే ఆగింది.

"ఇప్పుడా అంకె తీసేశారా?"

"మా ఊళ్లో తీశారు. ఇంకా పదమూడు చోట్ల ఉంది. నేను ఫోన్ చేస్తే మీరు డాక్టరా అని అడిగి పెట్టేస్తున్నారు."

"పదమూడా!" చేను వైపు చేయి చూపించింది. "ఇయ్యాల కూడా కొడతన్నారు గందా, అదిగో. మరి నా ముందర కూకోని ఏడుస్తావేంది? లే."

లోపలికి వెళ్లి పేతురు ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు తెచ్చింది. పక్కింటామెకు, "వదినా, ఆయన్ను రోడ్డెక్కనీకు, సాయంత్రానికి వస్తా" అని చెప్పింది. చీర చెంగు దోపుకుని నాకంటే ముందే వాకిట్లోకి దిగింది.

"ముందు యాడికి?"

"చిలకలూరిపేట."

"పద. ఆడ నన్ను ఎవురూ డాక్టరువా అని అడగరులే. కంప్యూటరు సంగతి నువ్వు చెప్పు. మనిషి సంగతి నేను చెప్తా."